దురాయి కాగితం

ఫిబ్రవరి 11, మంగళవారం, ఉదయం 6.20కి చిన్ననాగులపాలెం ఒడ్డున చేపల వేలంపాట దగ్గర నరేంద్రబాబు షమాను తెడ్డుతో కొట్టాడు. రెండు దెబ్బలు ఎడమ భుజం మీద పడ్డాయి. మూడోది పడకముందే ఇంకో పడవ యజమాని వెంకయ్య తెడ్డు పట్టుకున్నాడు.

షమా వయసు ముప్పై నాలుగు. ట్రాన్స్‌జెండర్ మహిళ. మైపాడులో అద్దె గదిలో ఉంటుంది. పదకొండేళ్లుగా ఈ ఒడ్డున చేపలు పాడుకుని, ఆటోలో నెల్లూరు తీసుకెళ్లి అమ్ముతోంది. నరేంద్రబాబుకు ఒక ఫైబర్ పడవ ఉంది. అంతకుముందు మూడు రోజులు అతని వలలో ఏమీ పడలేదు. ఆ రోజు ఒక గంప కానాగంత చేపలు పడ్డాయి. షమా పాడుకోబోతూ గంప మీద చెయ్యి వేసింది. ఆడా మగా కాని చెయ్యి తగిలినప్పటి నుంచే తనకు వేట లేదని అతను అన్నాడు. తర్వాత తెడ్డు తీశాడు. ఒడ్డున నలభై మంది దాకా ఉన్నారు.

షమా ఆస్పత్రికి వెళ్లలేదు. పోలీసు స్టేషనుకూ వెళ్లలేదు. ఊరి పెద్దల దగ్గరికి వెళ్లింది. ఒడ్డు మీద తగాదా ఒడ్డు మీదే తీరాలన్నది అక్కడి కట్టు. పెద్దలు కూర్చుని ఇచ్చే తీర్పును దురాయి అంటారు. దాన్ని మీరిన వాడి పడవను నీళ్లలోకి దిగనివ్వరు. మీరిన వ్యాపారికి చేప అమ్మరు. షమా ఆ ఊరి మనిషి కాదు. కానీ పదకొండేళ్లు ఆ కట్టుకు లోబడే కొనుక్కుంది.

పెద్దలు ఏడుగురు ఆదివారం కూర్చున్నారు. నరేంద్రబాబు అందరి ముందు తప్పు ఒప్పుకున్నాడు. షమా మాత్రం వేట నిషేధం ముగిసేదాకా, అంటే జూన్ దాకా, పాటకు రాకూడదని చెప్పారు. కుర్రాళ్లు కోపం మీద ఉన్నారని, ఆమె మంచికే చెబుతున్నామని పెద్దాయన హజరత్తయ్య అన్నాడు. షమా సరేనంది.

19వ తేదీన నెల్లూరులో ప్రభుత్వం ఒక సమావేశం పెట్టింది. ట్రాన్స్‌జెండర్ల మీద దాడి జరిగితే ఏ చట్టం వర్తిస్తుందో అధికారులు చెప్పారు. తీరంలోని స్టేషన్లలో సహాయ డెస్కులు పెడుతున్నామన్నారు. పాలెం ఏ స్టేషన్ కిందికి వస్తుందో అక్కడ ఆ డెస్కును హెడ్ కానిస్టేబుల్ రేవతికి అప్పగించారు. మహిళల డెస్కు, కోర్టు డ్యూటీ అప్పటికే ఆమె దగ్గరున్నాయి. సమావేశంలో ఆమె ఫోన్ నంబరున్న కార్డులు పంచింది. షమా కార్డు తీసుకుని, భుజం మీది పైట తొలగించి చూపింది.

మర్నాడు కేసు నమోదైంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం, సెక్షన్ 18. అప్పటికి దెబ్బ తగిలి తొమ్మిది రోజులు. కమిలిన గుర్తు తగ్గిందని, ఎలా తగిలిందో చెప్పలేమని డాక్టరు రాశాడు.

ఇక సాక్షి కావాలి. రేవతి ఆరుసార్లు పాలెం వెళ్లింది. ఆ సమయంలో గంపలో చేపలు లెక్కపెడుతున్నానని, తల ఎత్తలేదని పాట నడిపే ముసలమ్మ చెప్పింది. నరేంద్రబాబు పడవ ఎక్కడుందో తెలియదని అందరూ అన్నారు. అది వాళ్ల వెనకే ఉంది. వెంకయ్య ప్రతిసారీ టీ తెప్పించాడు. తెడ్డు గురించి ఒకే మాట చెప్పాడు.

“ఒడ్డున తెడ్లు శానా ఉంటాయి గదమ్మా.”

సాక్ష్యం లేదని రాసి ఏప్రిల్ 5లోగా కేసు మూసేయమని ఎస్సై చెప్పాడు. ఆయనకు ముత్తుకూరు బందోబస్తు ఉంది. రేవతి వాదించలేదు.

ఏప్రిల్ 3, గురువారం, పదిన్నరకు రేవతి మైపాడు వెళ్లింది. కేసు మూసేస్తున్నట్టు నోటీసు మీద షమా సంతకం కావాలి. షమా చదివింది. పెన్ను తీసుకోలేదు.

“నలభై మందిలో ఒక్కరు కూడా చెప్పలేదా అక్కా?”

“ఒక్కరు కూడా చెప్పలా.”

“రాసి సంతకాలు పెట్టుంటే సరిపోతాదా?”

రేవతికి అర్థం కాలేదు. షమా గోడకున్న సంచిలోంచి రేషన్ కార్డు తీసింది. కార్డు కవర్‌లో రూళ్ల కాగితం మడిచి ఉంది. అది దురాయి. ఫిబ్రవరి 11న నరేంద్రబాబు షమాను తెడ్డుతో రెండు దెబ్బలు కొట్టినట్టు, తప్పు ఒప్పుకున్నట్టు మొదటి పేరా. షమా జూన్ దాకా పాటకు రాకూడదని రెండోది. కింద ఏడు సంతకాలు. పెద్దలు ప్రతి తీర్పూ ఇలాగే జరిగింది జరిగినట్టు రాస్తారు. ఒక ప్రతి ఫిర్యాదుదారుకు ఇస్తారు.

రేవతి రెండుసార్లు చదివింది.

“దీన్ని పెట్టుకొనేనా నన్ను ఆరుసార్లు తిప్పినావు?”

“దురాయి కాగితం ఇసక దాటగూడదక్కా. మీకు చెప్పిందే తప్పు, ఇంక కాగితం గూడానా అని దాచినా.”

రేవతి మంచం మీద కూర్చుని ఫోన్‌లో ఆ సెక్షన్ తెరిచింది. కొట్టడం అందులో నేరం. అందరూ తిరిగే చోటికి రానివ్వకపోవడమూ నేరమే. రెండో పేరా ఆ నేరం కిందికి వస్తుంది. కాగితం తీసుకుంటే నరేంద్రబాబుతో పాటు సంతకాలు పెట్టిన ఏడుగురూ నిందితులవుతారు. ఆ సంగతి షమాకు చెప్పింది.

షమా సంతకాల మీద వేలు పెట్టి దిగుతూ వచ్చింది. ఏడోది వెంకయ్యది.

“తెడ్డు పట్టుకున్నోడక్కా ఇతను.”

“తెలుసు.”

“కింది పేరా చించేసి పైది ఇస్తే?”

“సంతకాలు కిందున్నాయి గదా.”

షమా కాగితం మడిచింది. మళ్లీ విప్పింది. ఆరు వారాలుగా నెల్లూరు మార్కెట్లో మారుబేరం చేపలు కొంటున్నానని, అందులో ఏమీ మిగలడం లేదని చెప్పింది. జూన్‌లో పాటకు వెళ్లినా ఇంకో తెడ్డు లేవదని ఎవరు చెప్పగలరని అడిగింది. రేవతి తనకు తెలియదంది.

11.40కి షమా కాగితం ఇచ్చింది. స్వాధీన పత్రం మీద ఇంటి యజమాని లాల్ అహ్మద్, పక్క కొట్లో టైలరు షఫీక్ సాక్షులుగా సంతకం చేశారు. కోర్టుకు ఎన్నిసార్లు రావాల్సి ఉంటుందని లాల్ అహ్మద్ అడిగాడు. స్టేషన్లో కొత్త డెస్కు పెట్టినారు గదా, టీ అయినా ఇస్తారా అని షఫీక్ అడిగాడు.

శుక్రవారం ఏడుగురికి నోటీసులు వెళ్లాయి. సాయంత్రం హజరత్తయ్య స్టేషనుకు వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“మేం న్యాయం చేసినాం గదమ్మా. వాడి చేత ఒప్పించినాం. లేకుంటే నీ కేసు యాడుంది?”

“అది నిజమే పెద్దాయనా.”

“మరి మా తప్పేంది?”

రేవతి జిరాక్సు ప్రతి తీసి రెండో పేరా చూపించింది. ఆయన అద్దాలు పెట్టుకుని చదివాడు. ఆ పేరా రాసింది ఆయనే.

“కొట్లాట కాకుండా రాసినాం,” అన్నాడు. నోటీసు జేబులో పెట్టుకుని బస్సుకు వెళ్లాడు.

శనివారం మూసేయాల్సిన కేసులో ఏడుగురు నిందితులను చేరుస్తూ ఎస్సై కోర్టుకు మెమో పంపాడు. డెస్కు పని బాగుందని జిల్లా ఆఫీసు నుంచి రేవతికి మెసేజ్ వచ్చింది.

ఏప్రిల్ 7, సోమవారం, ఉదయం 5.50కి షమా రెండు ఖాళీ గంపలతో పాలెం ఒడ్డుకు వచ్చింది. వెంట రేవతి, ఇద్దరు కానిస్టేబుళ్లు ఉన్నారు. 6.05కి మొదటి పడవ వచ్చింది. ముసలమ్మ పాటకు చేపలు పోసే గోనెపట్టా పరిచి కూర్చుంది. షమా ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది. ఎవరూ వద్దనలేదు. ఎవరూ పలకరించలేదు.

వెంకయ్య పడవ నాలుగోది. వల భుజాన వేసుకుని వెళ్తూ షమా దగ్గర ఆగాడు.

“నా పేరు ఎన్నోది?”

“ఏడోది అన్నా.”

“అందరూ పెట్టినాక పెట్టినా,” అన్నాడు. వెళ్లిపోయాడు.

6.50 దాకా పద్నాలుగు పడవలు వచ్చాయి. ఏ పడవ చేపలూ పట్టా మీదికి రాలేదు. గంపలను నేరుగా రోడ్డు మీదున్న రెండు వ్యాన్లలోకి ఎక్కించారు. నరేంద్రబాబు గంపలు కూడా వాటిలోకే ఎక్కాయి. వ్యాన్లు 7.10కి నెల్లూరు వైపు వెళ్లాయి. ముసలమ్మ పట్టా దులిపి మడిచి ఇంటికి వెళ్లింది.

షమా 7.30 దాకా ఒడ్డున ఉంది. ఆ రోజు పాట జరగలేదు.