మా అవ్వ పోతది

ఆ సోమవారం ఆలిస్ టీచర్ తన మూడో తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఎప్పటిలాగే మెసేజ్ పెట్టింది: 'ఈ వారం తెలుగులో బంధువుల పేర్లు. శుక్రవారం గ్రాండ్ పేరెంట్స్ డే. పిల్లలు ఇంట్లోని పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని స్టేజీ మీదికి తెచ్చి పరిచయం చేస్తారు. రోజూ భోజనం తర్వాత రిహార్సల్.' అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. తప్పులు పట్టడంలో మారేడ్‌పల్లి మొత్తం మీద ఆమెను మించినవాళ్లు లేరు. ఎదుటివాళ్ల తప్పులు, అంతే.

తెనాలి నుంచి కోడలిగా వచ్చి, సికింద్రాబాదు బడిలో ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతోంది. మనిషి ఇక్కడికి వచ్చింది గానీ చెవి ఇంకా తెనాలిలోనే ఉండిపోయింది.

ఆ రోజు బోర్డు మీద 'అవ్వ: అమ్మమ్మ లేక నాయనమ్మ' అని రాసింది. సృజన చెయ్యెత్తింది. సిరిసిల్ల నుంచి వచ్చి కార్ఖానా బస్తీలో ఉంటున్న పిల్ల. క్లాసులో అందరికన్నా మంచి గొంతు ఆమెది.

"టీచర్, అవ్వ అంటే అమ్మ గద. నాయనమ్మనైతే బాపమ్మ అంటం."

క్లాసంతా గొల్లుమంది. పిల్లలు నవ్వితే నవ్వారు, ఆలిస్ కూడా నవ్వింది. "అవ్వ అంటే ముసలావిడమ్మా. అమ్మను అవ్వ అంటే అమ్మ ఊరుకుంటుందా?" అంది. పిల్ల నోటుబుక్కులో 'అవ్వ: అమ్మ' అని ఉన్నదాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, సరైనది పదిసార్లు రాయమంది. ఆమె పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. సృజన పదిసార్లూ రాసింది.

శుక్రవారం మొదటి మాట సృజనదే. 'నమస్కారం. ఈమె మా అవ్వ.' ఆ మాట రాసిచ్చింది కూడా ఆలిస్ టీచరే.

బుధవారం భోజనాల గంట కొట్టగానే సృజన సంచీ భుజాన వేసుకుని వచ్చి నిలబడింది.

"టీచర్, జెర ఇంటికి పోతా. మా అవ్వ పోతది ఇయ్యాల."

"ఎక్కడికి, ఊరికా?"

"దూరం టీచర్. రెండు గంటలకు బండి వస్తదట. నన్ను చూసి పోతనన్నది."

"పెద్దవాళ్లన్నాక వస్తుంటారు, పోతుంటారు. మొదటి మాట నీది. నువ్వు లేకపోతే రిహార్సల్ ఎలా? అవ్వను సెలవుల్లో చూద్దువుగానిలే."

"సెలవులకు రాదు టీచర్."

"అయితే నువ్వే వెళ్దువుగాని. సంచీ అక్కడ పెట్టు."

సృజన ఇంకేదో అనబోయింది. ఆలిస్ అప్పటికే పిల్లల వరుస సరిచేస్తోంది. పిల్ల తన మాటను నాలుగుసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ తలుపు మీది గడియారం వైపు చూసింది. రెండు దాటాక చూడటం మానేసింది. ఆలిస్ అది గమనించింది. గమనించి, ఇప్పటికి పిల్లకు ధ్యాస కుదిరిందని సంతోషించింది. ఆ సంతోషం తలుచుకుంటే ఆమెకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది.

శుక్రవారం సృజన ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆలిస్ నవ్వు ముఖంతో ఎదురెళ్లింది.

"రండమ్మా రండి! ఊరికి వెళ్లిపోయారనుకున్నాను. మనవరాలి కోసం ఆగారన్నమాట!"

ఆ ముసలమ్మ, బాలమ్మ, తెల్లబోయి చూసింది. "నేనేడికి పోత బిడ్డా? పోయింది నా కోడలు, ఈ పిల్ల తల్లి. మస్కట్ల ఇంటిపనికి. రెండేండ్ల దాంక రాదు. ఏజెంటు రాత్రి ఫోన్ జేసి, తెల్లారి పగటీలి రెండు గంటలకే బండి పంపిండు. 'పిల్ల వస్తది, జెర ఆగు అన్నా' అని ఆ డ్రైవర్ను బతిమిలాడుకుంట గుమ్మంలనే నిలవడ్డది. ఎంతసేపు ఆగుతడు వాడు?" ముసలామె మనవరాలి వైపు తిరిగింది. "టీచర్‌కు చెప్పి రమ్మన్నది గదనే మీ అవ్వ. చెప్పలే?"

సృజన తల దించుకుంది. టీచర్ మీద చాడీ చెప్పే పిల్ల కాదు.

చెప్పింది. సోమవారమే చెప్పింది, అవ్వ అంటే ఎవరో. బుధవారం మళ్లీ చెప్పింది. ఆలిస్‌కు ఇప్పుడు అర్థమైంది. నాదే తప్పమ్మా అంటే పోయేది. కానీ హెడ్మిస్ట్రెస్ మైకులో మూడో తరగతిని పిలుస్తోంది, గుంపులో అందరూ చూస్తున్నారు, పరువు కూడా గుర్తొచ్చింది ఆమెకు. "పదండి, పదండి," అని ఇద్దరినీ స్టేజీ ఎక్కించింది.

సృజన మైకు ముందు నిటారుగా నిలబడింది.

"నమస్కారం. ఈమె మా అవ్వ."

ఒక్క అక్షరం తప్పలేదు. పక్కనే ఉన్న బాలమ్మ ఉలిక్కిపడింది. "ఏందే, నన్ను అవ్వ అంటున్నవ్? మీ అవ్వ పాయె గద!" ఆ మాట కూడా మైకులో పడింది. హాలంతా నవ్వింది.

సృజన నవ్వలేదు. సరిగ్గా చెప్పానా టీచర్ అన్నట్టు ఆలిస్ వైపు చూసింది. రిహార్సల్‌లో ఆ మాట దగ్గర ప్రతిసారీ మెచ్చుకోలుగా తలూపిన ఆలిస్, ఈసారి ఆ పిల్ల కళ్లలోకి చూడలేకపోయింది.