జానెడెత్తున నూకరత్నం మాట

నూకరత్నం పోయిన పదకొండో రోజు నుంచి ఆమె మాట నేలకు జానెడెత్తున ఇంట్లో తిరుగుతోంది. అంతకు పైన వినిపించదు. పక్కింటి పాకే పిల్ల వచ్చి, విని, నవ్వి వెళ్తోంది.

పేరయ్యకు మాత్రం అందడం లేదు. నలభై ఏళ్లు తాడిచెట్లెక్కి కల్లు గీసిన నడుము, వంగదు. పోనీ అని నేల మీద పడుకుంటే మాట ఆగిపోతోంది. మొగుడు నిద్రపోతున్నాడనుకుని గొంతు తగ్గించడం ఆమెకు అలవాటు.

ఆమె పోయిన రోజు చెట్టు మొదట్లో నిలబడి ఏదో చెప్పబోయింది. "ఉండవే, దిగొస్తున్నా" అన్నాడు. దిగేసరికి ఆమె లేదు. ఇంట్లో తిరుగుతున్నది ఆ మాటే. అది వినాలి, అంతే.

అందుకే రోజూ పొద్దున్నే ఆరోగ్య కేంద్రం అరుగు మీదికి వస్తున్నాడు. అక్కడ ఝాన్సీ కొత్తవాళ్లకు ఒళ్లు వంచడం నేర్పుతోంది.

"మోకాళ్లు మడవకు బాబాయ్. ఊపిరొదులుతా ఒంగు. ఎక్కడ పట్టేసింది?"

"నడుంలోనమ్మా."

ఝాన్సీ అతని నడుములోకి చెయ్యి పెట్టి తడుముతుంది. "ముప్పై నాలుగు తాడిచెట్లున్నాయి. అన్నీ నిలువునే ఉంటే ఎలా ఒంగుతావు?"

"పీకెయ్యమ్మా."

"ఒక్కసారే పీకితే కూలిపోతావు. కొత్తోళ్లకి రోజుకి రెండే."

పక్కన, తనూ నేర్చుకోవడానికొచ్చిన బుల్లెమ్మ మెడను గుండ్రంగా తిప్పుతూ తిప్పుతూ వీపు వైపు నుంచి చూస్తుంది. "పెళ్లాం బతికుండగా ఒక్కనాడన్నా దాని మాట విన్నావా? ఇప్పుడొచ్చాడమ్మా మహానుభావుడు, ఒంగడానికి!"

పేరయ్య ఇంకాస్త వంగుతాడు. ఊపిరి వదులుతాడు.

పదిహేడో రోజు ఆఖరి రెండు చెట్లూ ఊడి వస్తాయి. ఝాన్సీ వాటిని మిగతావాటి పక్కన గోడకు చేరేస్తుంది. పేరయ్య చేతులు కాలివేళ్లను తాకుతాయి. ఎక్కడ మళ్లీ బిగుసుకుపోతానోనని అలా వంగే ఇంటికి నడిచి వెళ్తాడు.

ఇంట్లో చెవి జానెడెత్తుకు దిగుతుంది. నూకరత్నమే. కానీ నేల కిందికెళ్లి ఎవరితోనో మాట్లాడుతోంది.

"ఆయనెప్పుడూ పైనే ఉంటాడమ్మా. మరి నేనే కదా అందుకోవాలి? చేతులెత్తుతున్నా, ఒకటి... రెండు..."

"ఇక్కడున్నానే! కిందే ఉన్నా!" అని అరుస్తాడు పేరయ్య.

సిమెంటు పగులుతుంది. ముందు పది వేళ్లు తేగల్లా పైకొస్తాయి, తర్వాత గాజుల్లేని మణికట్లు, తర్వాత మోచేతులు. అతని చెవులను రాసుకుంటూ పైకి పోతాయి, పెంకులు తోసుకుని ఆకాశంలో మట్టల్లా విచ్చుకుంటాయి. పేరయ్య లేవబోతాడు. లేవడానికి నడుములో ఏమీ లేదు.

అంత ఎత్తున నూకరత్నం ఆ మాట మొదలుపెడుతుంది. అది చుక్కలు చుక్కలుగా రాలుతుంది. చప్పున మూలనున్న కల్లుముంత జరిపి కింద పెడతాడు, దానికి చెవి ఆనిస్తాడు.

ఎండెక్కింది. మాట అతను వినేలోపే పులిసి నురగ కడుతోంది. చీమలు ముంతలోకి దిగి, ఒక్కో అక్షరాన్నీ నెత్తికెత్తుకుని, ఆ చేతుల వెంట బారులు తీరి పైకి మోసుకుపోతున్నాయి.