మొగుడి పేరు మోసిన బిందె

నేను ఒక ఇత్తడి బిందెను. పుట్టింటివాళ్లు పెట్టే సామాను మీద పేర్లు చెక్కించడం మా వైపు ఆచారం. నా మెడ మీద "పేరయ్య, ఆదెమ్మ" అని చెక్కించి అత్తారింటికి పంపారు. ఆదెమ్మ పదకొండేళ్లు ఆ అక్షరాలను చింతపండుతో తోమి మిలమిలా మెరిపించింది. నోటితో మాత్రం ఒక్కసారీ పలకలేదు. మొగుడి పేరు చెబితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని అత్త నాంచారమ్మ భయపెట్టింది మరి! ఆ భయంతో ఆదెమ్మ 'పేరు' అన్న మాటే మానేసింది. పేరిన నెయ్యిని గట్టినెయ్యి అనేది. రేషన్ కొట్లో "నీ పేరేందమ్మా?" అంటే "నన్ను ఆదెమ్మంటారు" అనేది. మనుషులు భలేవాళ్లు! చెక్కించడానికి లేని భయం పలకడానికి ఉంటుంది.

ఆ పొద్దున ఆదెమ్మ నన్ను వీధి పంపు కింద పెట్టింది. సగం నిండానో లేదో, నాలో నీళ్లు వాటంతటవే తుళ్లాయి. నేల ఉరిమి ఊగిపోయింది! దొర్లుకుంటూ పోయి పంపు దిమ్మెకు గుద్దుకుని సొట్టపడ్డాను. వీధిలో ఒక వరస మట్టిమిద్దెలు లేవు, దుమ్మే ఉంది.

పేరయ్య ఇంట్లో ఉన్నాడో, పశువుల కొట్టంలో ఉన్నాడో ఎవరికీ తెలియదు. ఆదెమ్మ నన్ను చంకనెత్తుకుని పరుగెత్తింది. ఎందుకెత్తుకుందో ఆమెకే తెలియదు. "ఏమయ్యోయ్!" అని అరిచింది. దుమ్ములోంచి ఐదుగురు మొగుళ్లు "ఆఁ, ఈడుండా!" అని పలికారు. ఊళ్లో ఆడవాళ్లందరిదీ అదే పిలుపాయె! మళ్లీ అరిస్తే మళ్లీ ఆ ఐదుగురే. పేరయ్య గొంతు లేదు.

ఆదెమ్మ ఏం చేయబోతోందో నాంచారమ్మకు అర్థమైంది. ఉరికొచ్చి కోడలి నోరు మూసింది.

"ఒద్దే తల్లీ, వాడి ఆయుష్షు తీయమాకే!"

"ఇంక తగ్గటానికి ఏముందత్తా!" అని ఆ చెయ్యి విదిలించుకుని, ఊరు దద్దరిల్లేలా అరిచింది. "పేరయ్యా! ఓ పేరయ్యా!"

నా ఒళ్లంతా ఖంగున మోగింది. వీధి చడీచప్పుడు లేకుండా అయిపోయింది. అప్పుడు కొట్టం గోడ కిందనుంచి సన్నగా, అయినా మహా కోపంగా వినపడింది.

"ఏందే... పేరు పెట్టి పిలుస్తుండావు?"

అంతే! పదిమంది ఆ మట్టి మీద పడ్డారు. పలుగులు కొందరివి, ఉత్త చేతులు కొందరివి. పశువులకు మేత వేసే గాడి అడ్డుపడి ప్రాణం నిలిచింది, కాలు మాత్రం విరిగింది. ఆ సంతోషం నేను చెప్పలేను.

ఇప్పుడు ముగ్గురూ రేకుల షెడ్డులో ఒకే గదిలో ఉంటున్నారు. ఆదెమ్మ పొలం పనికి పోతుంది. పొయ్యి మొహం చూడని పేరయ్య కట్టుకాలు చాపుకుని పులుసు కాస్తున్నాడు. "పేరయ్యా, ఉప్పెక్కువైంది!" అని ఆమె అంటే పక్క షెడ్లన్నీ నవ్వుతాయి. ఆయుష్షు సంగతేమో గాని వంట బాగుపడుతోంది. మిగతా ఆడవాళ్లూ మొగుళ్లను పేర్లతో పిలుస్తున్నారు. ఎవరైనా మూతి విరిస్తే "మళ్లా భూమి కదిలితేనో?" అంటారు.

నాకు చిల్లు పడింది. కందులు పోయించుకుని మూల కూర్చున్నాను. మొన్న మధ్యాహ్నం నాంచారమ్మ ఒక్కతే ఉంది. ఆమె భర్త పోయి ఇరవయ్యేళ్లు. ఆ ముసలామె గుమ్మం వైపు చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అంకయ్యా" అంది.

తర్వాత చెంగు తీసేసి, గట్టిగా పిలిచింది.