కందికి కొసరు

బస్సు ఆగే చోట రోడ్డుకు బదులు పెసలు పరుచుకుని ఉన్నాయి, భద్రయ్య మోకాళ్లదాకా దిగబడి నడుస్తున్నాడు, ముందుకు వేసిన అడుగు వెనక్కే జారుతోంది, పక్కనుంచి లారీలు చప్పుడు లేకుండా పోతున్నాయి, అవతల బల్ల మీద మాత్రం ఆయన భార్య రాజ్యం, మొన్న వేసవిలో పోయిన రాజ్యం, ఆస్పత్రి సంచి ఒళ్లో పెట్టుకుని తాపీగా కూర్చుని ఉంది.

"కంది ఇటొచ్చిందా?" అని అరుస్తాడు. కంది వాళ్ల కుక్క. కందిపప్పు రంగులో ఉందని రాజ్యమే ఆ పేరు పెట్టింది.

"పోయినదాన్ని కనిపించాను, ముందు ఎలా ఉన్నావే అనరా?"

"ఎలా ఉన్నావే?"

"బానే ఉన్నానండీ. కుక్క రాలేదు."

"నిన్న లారీ కింద పడబోయింది. రోజూ అయిదింటి బస్సుకి నీకు ఎదురొస్తోంది. ఇక రానని దానికి చెప్పవే, లేకపోతే ఈ రోడ్డు మీదే పోతుంది."

"నాకు ఎదురొస్తోందా!" అని ఆమె నవ్వుతుంది, ఆ నవ్వులోనే బల్ల వాళ్ల పప్పుల కొట్టవుతుంది, త్రాసు వచ్చి ఇద్దరి మధ్య వేలాడుతుంది, రాజ్యం కొనడానికి వచ్చినదానిలా అవతల నిలబడి ఉంటుంది. "అది రోడ్డు దాటి వచ్చాక మీరేం చేస్తారు?"

"వెళ్లి తీసుకొస్తాను."

"ఉత్తచేతులతోనేనా?"

"బన్ను పట్టుకెళ్తాను. లేకపోతే కదలదు."

"రోజూనా?"

"ఒక్కోరోజు మర్చిపోతాను. కొట్లో బేరాలుంటాయి కదా."

రాజ్యం త్రాసు సిబ్బెను వేలితో మెల్లగా నొక్కుతుంది. "కొసరు ఎలా వేయాలో మీ నాన్నగారు మీకేం చెప్పారు?"

కలలోనైనా ఆ మాట వింటే భద్రయ్యలోని వర్తకుడు ఊరుకోడు. తూకం అయ్యాక పైన వేసే ఆ చారెడు రోజూ వేస్తే కొనేవాడు అది తన హక్కనుకుంటాడు, అసలు వేయకపోతే పక్క కొట్టుకు పోతాడు, ఎప్పుడు పడుతుందో తెలియకుండా వేస్తే మాత్రం వానలో తడుస్తూ అయినా మన కొట్టుకే వస్తాడు, అని గడగడా చెప్పుకుపోతూ, మధ్యలో ఆగిపోతాడు.

"ఆఁ, అదే. ఆస్పత్రికి వెళ్లొచ్చి నేను బస్సు దిగగానే రొట్టెముక్క వేసేదాన్ని, అప్పుడు నాకోసం వచ్చేది. ఇప్పుడు మీరు వేస్తున్నారు, మీకోసం వస్తోంది."

"కాదు. నీకోసమే." ధర తగ్గనివాడిలా మొండిగా అంటాడు.

"సరే, అది గుమ్మంలో బుద్ధిగా పడుకున్నప్పుడు ఏం పెడతారు?"

"ఊరికే పడుకున్నదానికి ఏం పెడతామే?"

"చూశారా! వెళ్లినదానికి కొసరు, ఉన్నదానికి సున్నా. నాకూ అంతేగా! బస్సెక్కే రోజున తప్ప 'జాగ్రత్తే' అన్న మాట విన్నానా?" అని, నవ్వు ఆపి, "రోడ్డెక్కకముందే పెట్టండి. గుమ్మంలో పెట్టండి. అలవాటు కుదిరేదాకా ఒక్కరోజూ మానకండి. రోడ్డవతల మాత్రం మెతుకు విదల్చొద్దు" అంటుంది.

కాళ్ల కింద పెసలు ఎక్కడికో జారిపోతున్నాయి, పట్టుకోవడానికి త్రాసు కూడా లేదు, భద్రయ్య ఆమె వైపే చేయి చాపుతాడు.

"అది మానేస్తే, బస్సు దగ్గర నీకోసం ఎవరుంటారే?"

"నేను దిగనుగా," అంటుంది రాజ్యం. "లేవండి, టైమవుతోంది."

గల్లాపెట్టె మీద తల ఆన్చి కునుకు తీసిన భద్రయ్య ఉలిక్కిపడి లేచాడు. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. కంది అప్పుడే ముందు కాళ్లు చాపి ఒళ్లు విరుచుకుని, చెవులు రోడ్డువైపు తిప్పింది. బన్ను తేవడానికి వ్యవధి లేదు. చేతికందిన బస్తాలోంచి పుట్నాలపప్పు గుప్పెడు తీసి, "కందీ, ఇటు రావే" అంటూ గుమ్మంలో వంగాడు. కుక్క రోడ్డును చూసింది, గుప్పిటను చూసింది, మెట్టు దిగబోయిన కాలు వెనక్కి తీసుకుంది.

గరుకు నాలుక అరచేతిని తాకుతుండగా అవతల హారన్ మోగింది. బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది. కంది తలెత్తలేదు. వంగి ఉన్న భద్రయ్యే తలెత్తి, దిగేవాళ్లను ఆఖరి మనిషిదాకా చూశాడు.