ఇరవై అడుగుల తోక

ఇలా దగ్గరికి జరగండర్రా, కాళ్లు ముడుచుకుని కూర్చోండి. మంచాలు చేసే వడ్రంగి ఒకాయన ట్రైలర్ కొన్న వైనం చెబుతాను.

ఆయనకో పికప్ బండి ఉండేది. దాని వెనక తగిలించడానికి ట్రైలర్ కావాలి. దుకాణంలో రెండే మిగిలాయి. ఒకటి ఇరవై అడుగులు, ఒకటి పన్నెండు. ఏది కావాలో మధ్యాహ్నంలోగా చెప్పమన్నారు. వడ్రంగి మనసంతా ఇరవై మీదే. తోడల్లుడిది పద్నాలుగు మరి!

"బండే పదిహేడడుగులు లేదు, దానికి ఇరవై అడుగుల తోకా?" అంది పెళ్లాం. "అది తెచ్చారో, నేనా బండెక్కను. ఏ మలుపులోనో ఎవర్నో ఈడ్చుకుపోతారు."

మంచాలు అప్పజెప్పడానికి ఎప్పుడూ ఇద్దరూ కలిసే వెళ్లేవారు. ఆవిడ పక్కన లేకపోతే ఆయనకి కబుర్లూ ఉండవు, దారీ తెలీదు.

"మలుపు ఎలా తిరుగుతుందో నీకే చూపిస్తా ఉండు" అని, ఇరవై అడుగుల సన్నటి వాసాలు రెండు తెచ్చి, నిచ్చెనలా అడ్డకర్రలు కట్టి, ముందు కొస బండి కొక్కేనికి తాడుతో బిగించాడు. వెనక కొస పట్టుకోమని బావమరిదిని మధ్యలో నిలబెట్టాడు.

"నువ్వే చక్రానివిరా. నేనెటు లాగితే అటు రా."

"హారన్ కూడా నేనే కొట్టాలా బావా?"

బండి నత్తలా కదిలింది. వీధి మూల, దర్జీ దుకాణం దగ్గర హాయిగా తిరిగింది. బండి తిరిగింది సరే, వాసాలు తిరగొద్దూ? అవి మూల కోసుకుంటూ దర్జీ గుమ్మం మీదుగా వచ్చి, అక్కడ వేలాడే చొక్కాలన్నీ ఊడ్చుకుపోయాయి.

"బావోయ్, చక్రం గోడెక్కుతోంది!"

వడ్రంగి కంగారుపడి బండి వెనక్కి పోనిచ్చాడు. స్టీరింగ్ ఇటు తిప్పితే తోక అటు పోయింది. బావమరిది మెడలో నాలుగు చొక్కాలతో నేరుగా కుట్టుమిషను ముందు తేలాడు.

"కొలతలివ్వడానికి వచ్చావా నాయనా?" అన్నాడు దర్జీ, కత్తెర కింద పెట్టకుండానే.

వడ్రంగి రంపం తెచ్చి వాసాల్ని పన్నెండడుగులకి కోశాడు. ఈసారి బండిని వెడల్పుగా తిప్పాడు. చక్రం ఈల వేసుకుంటూ మలుపు దాటింది, దర్జీ గుమ్మానికి మూరెడు ఎడంగా.

"పన్నెండడుగులది..." అన్నాడు వడ్రంగి ట్రైలర్ దుకాణానికి ఫోన్ చేసి, గొంతులోనే సగం మింగి.

"గట్టిగా చెప్పండి, మీ తోడల్లుడు వినడులెండి" అంటూ పెళ్లాం వచ్చి, బండి తలుపు తీసి, ముందు సీట్లో దర్జాగా కూర్చుంది.

"అక్కా, చక్రానికి కాసిని మంచినీళ్లివ్వవే!" అన్నాడు వాసాల మధ్య నుంచి తమ్ముడు.

ఇది మరిచిపోకండర్రా. ఎవరైనా చిన్న బండికి పొడుగు ట్రైలర్ కొంటానంటే, కూర్చోబెట్టి మొదట్నుంచీ చెప్పండి. నవ్వకుండా చెప్పడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. మీ వల్లవుతుందేమో చూడండి.