అనెలియా కట్టిన పాటలు

అనెలియా మూడోసారి శంఖం ఊదింది. ఎదుటి కొండ నుంచి ఆ మోత తిరిగి వచ్చింది కానీ మనిషన్నవాడు రాలేదు.

మోర్న్-లతాన్యే అనే ఆ కొండ ఊళ్లో శంఖం విని ఇంట్లో కూర్చోవడం చిన్న విషయం కాదు. ఎవరైనా తమ పొలానికి కొంబిట్, అంటే బదులు పని, పిలిస్తే ఊరు ఊరంతా పారలు భుజాన వేసుకుని వెళ్తుంది. రేపు తమ పొలానికి కూడా ఆ ఊరే రావాలి కదా! డప్పు మోగుతుంది. పాటగాడు వరస ముందు నిలబడి పాట అందుకుంటాడు. పారలన్నీ ఆ తాళానికే లేచి పడతాయి. పాటగాడికి ఒక హక్కు కూడా ఉంది. ఎవడు పనిలో వెనకబడినా, ఎవరు వడ్డనలో పిసినారితనం చూపినా, అక్కడికక్కడే పాట కట్టి పరువు తీయవచ్చు. దానికి కోపం తెచ్చుకోకూడదని కట్టడి. పైకి ఎవరూ తెచ్చుకోరు, లోపల మాత్రం ఏళ్ల తరబడి దాచుకుంటారు.

అనెలియా మొగుడు మెరిలుస్ ముప్పై ఏళ్లు ఆ ఊరికి పాటగాడు. పోయిన వర్షాకాలంలో చనిపోయాడు. వాళ్లిద్దరూ సగం పంటకు సాగు చేసిన పొలం ఫిలొక్లెస్‌ది. మెరిలుస్ పోగానే ఆ పెద్దమనిషికి దాన్ని వెనక్కి లాక్కోవాలని బుద్ధి పుట్టింది. సంతలో పదిమంది ముందు నిలబడి ధర్మప్రభువులాగా ప్రకటించాడు.

"సెయింట్ జోసెఫ్ పండగ ముందురోజు పొద్దుగూకేలోపు పొలమంతా తవ్వి విత్తనం పడాలి. పడితే ఇంకో అయిదేళ్లు నీదే. చాపంత నేల మిగిలినా మా మేనల్లుడికి ఇచ్చేస్తా. ఆడదానివి, ఆలోచించుకో!"

ఆ ముందురోజు ఇవాళే. అనెలియా తెల్లవారకముందే లేచి రెండు పెద్ద కుండల్లో మొక్కజొన్న రవ్వ, ఎర్ర చిక్కుడు గింజలు వండింది. ఎండుచేపలు వేయించింది. తినేవాళ్లు లేక ఆ కుండల మీద ఈగలు ముసురుతున్నాయి.

వచ్చింది ఒక్కడే, డప్పు దొరెలియాన్.

"రారు వదినా," అన్నాడు డప్పు దించుతూ. "మెరిలుస్ అన్న ఎవర్ని వదిలాడు చెప్పు? ఆ క్లెయానీస్‌నే చూడు. ఆమె కాఫీలో కప్ప ఈదుతోందని పాడాడు. పదమూడేళ్లయింది. ఇప్పటికీ ఆమె గుమ్మం ముందు కప్ప అరిస్తే పిల్లలు నవ్వుతారు."

అనెలియాకు చెవులు వేడెక్కాయి. ఆ కప్ప పాట మెరిలుస్‌ది కాదు. అసలు ఏ పాటా మెరిలుస్‌ది కాదు. పాపం, ఆయనకు గొంతు ఉండేది గానీ రెండు మాటలు కలపడం చేతనయ్యేది కాదు. రాత్రి అన్నీ ఆవిడ పొయ్యి దగ్గర కట్టేది, పొద్దున ఆయన పాడేవాడు. ఆ ఊళ్లో వరస ముందు ఆడది నిలబడిన రోజు లేదు. అందుకని పేరూ ఆయనకే పోయింది, తిట్లూ ఆయనకే పోయాయి. ఆవిడ మాత్రం కుండ కలుపుతూ హాయిగా నవ్వుకునేది. చచ్చినవాడి మీద ఆ తిట్లు ఇంకా పడుతున్నాయని తెలిసేసరికి ఇవాళ సిగ్గుతో చచ్చినంత పనయింది.

పొలం మధ్యనున్న రాతి మీదికి ఎక్కింది.

"వాయించు మరిదీ."

"ఎవరు పాడతారు?"

"నీకెందుకు? వాయించు!"

జీవితంలో మొదటిసారి ఆవిడ గొంతు ఆ లోయలో వినిపించింది.

*గొంతు మెరిలుస్‌దే గానీ మాట నాదే ఓ!*
*క్లెయానీస్ కాఫీలో కప్పనేసింది నేనే ఓ!*
*చచ్చినోణ్ణి వదిలెయ్యండి, బతికున్నాను చూడండి ఓ!*
*పార పట్టుకొచ్చి నన్నే తిట్టుకోండి ఓ!*

ఎదుటి వాలులో ఒక తలుపు ధడేల్మంది. భారీ మనిషి క్లెయానీస్, తలగుడ్డ సగం ఊడి, పార ఊపుకుంటూ దిగింది.

"ఏమేవ్! కప్ప నీదా? పదమూడేళ్లు ఆ అమాయకుణ్ణి తిట్టుకున్నానే! పోయినప్పుడు ఒక్క కొవ్వొత్తి కూడా వెలిగించలేదే! ఉండు, నీ మీద నేను కడతాను పాట!"

"కట్టు. కానీ వరసలో నిలబడి కట్టు."

అదీ అక్కడి కట్టడి. పార పట్టి వరసలో తవ్వేవాళ్లకే పాటగాడికి ఎదురు పాడే హక్కు. క్లెయానీస్ పళ్లు కొరికి పార దించింది. నాలుగు పారల మట్టి తిరగేశాక అనెలియా వంట మీద ఒక చరణం వదిలింది. ఎప్పుడో ఆవిడ ఎండుచేప నమిలి తన నాన్నకు ఉన్న రెండు పళ్లూ ఊడాయట. దొరెలియాన్ కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు విని పక్క ఇంటివాళ్లు దిగారు. ఆ పాటలకు తీర్చుకోవాల్సిన లెక్కలు వాళ్లకూ ఉన్నాయి. మధ్యాహ్నానికి డెబ్బై పారలు తేలాయి. తిట్టినంతసేపూ తవ్వారు, తవ్వినంతసేపూ తిట్టారు. వెనక ఆడవాళ్లు విత్తనం వేసుకుంటూ వచ్చారు. అనెలియా ఒక్కొక్కరి తిట్టూ నెత్తిన వేసుకుని, రెట్టింపు చేసి తిరిగి ఇచ్చింది. తన మాట తన నోటితో అనడంలో ఇంత సుఖం ఉందని ఆవిడకు యాభై రెండేళ్లకు తెలిసింది. కుండలు రెండూ అడుగంటా ఖాళీ అయ్యాయి.

సాయంత్రానికి కింద గట్టు పక్కన ఒక్క చెక్క నేల మిగిలింది. అంతా వేళ్లూ రాళ్లూ. చేతులు బొబ్బలెక్కాయి, పారలు నెమ్మదించాయి. సూర్యుడు శిఖరాన్ని తాకాడు. సరిగ్గా అప్పుడే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫిలొక్లెస్ వచ్చాడు. వచ్చి, సరిగ్గా ఆ మిగిలిన చెక్కలోనే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకెక్కడవుతుందమ్మా! నా మాట నేను తప్పను," అన్నాడు.

అనెలియాకు ఒళ్లు మండిపోయింది. గొంతు అప్పటికే చీరుకుపోతోంది. అయినా అందుకుంది.

*చేలో ఎవరో దిష్టిబొమ్మని పాతారు ఓ!*
*చొక్కాకి ఇస్త్రీ ఉంది, చేతికి పార లేదు ఓ!*
*పిచ్చుకైనా దడవదు, పీకి పారెయ్యండి ఓ!*

డెబ్బై గొంతులు ఒక్కసారిగా అందుకున్నాయి. ఫిలొక్లెస్ మొహం కందగడ్డయింది.

"నేను భూమి ఆసామిని! నన్నా—"

"జవాబు చెప్పాలంటే పార పట్టాలి మామా," అంటూ క్లెయానీస్ తన పార అతని చేతిలో పెట్టింది. "కట్టడి మీ తాతలు పెట్టిందే."

పాట మళ్లీ మొదలైంది, ఈసారి ఇంకా గట్టిగా. పట్టకపోతే రేపటి నుంచి సంతలో తనను ఏ పేరుతో పిలుస్తారో అతనికి అర్థమయింది. పార ఎత్తి నేల మీద వేశాడు. "ముసలి కోడి... ముసలి కోడి కూసింది ఓ!" అని ఏదో మొదలెట్టాడు. రెండో పాదం తోచలేదు. తోచని ఉక్రోషమంతా మట్టి మీద చూపించాడు. దొరెలియాన్ డప్పు జోరు పెంచాడు. వేరు తెగింది, రాయి లేచింది. రెండు పక్కల నుంచీ పారలు అతనితో కలిశాయి. గింజలు వేసేవాళ్లు అతని మడమల వెంటే వచ్చారు. రెండో పాదం వెతుక్కుంటూనే ఫిలొక్లెస్ గట్టు దాకా తవ్వేశాడు.

పార గట్టురాయికి తగిలి ఖంగుమంది. తలెత్తాడు. తవ్వడానికి ఇంక నేల లేదు. శిఖరం మీద సూర్యుడు గోరంత ఇంకా మిగిలే ఉన్నాడు.

అందరూ అతన్నే చూశారు. ఫిలొక్లెస్ వెనక్కి తిరిగి, తన చేత్తో తవ్విన చెక్కను చూసుకున్నాడు. చొక్కా నిండా మట్టి.

"అయిదేళ్లు," అని గొణిగాడు.

"వినబడలేదు మామా! పాటలో చెప్పు!" అని అరిచింది క్లెయానీస్.

అతను పార ఊతగా పట్టుకుని, గొంతు సవరించుకుని, పాడాడు.

*అయిదేళ్లూ ఈ చేను అనెలియాదే ఓ!*

జవాబు అందుకోవడానికి అనెలియాకు గొంతు మిగల్లేదు, చేతులు మాత్రం పైకెత్తింది. ఊరంతా కలిసి అందుకుంది.