ఎండిన నూతికి తవ్విన కాలువ

దేవమణిది వేరుశనగ వ్యాపారం. చీపురుపల్లి చుట్టుపక్కల ఏ కళ్ళంలోనైనా గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఆడించిందంటే గింజ ఎంతుందో చెప్పేస్తుంది. మనుషుల్నీ అలాగే తూస్తుంది. జగన్నాధాన్ని మాత్రం తప్పు తూచింది.

ఊరికి ఎగువన గరువులో, ఆ మెట్ట నేలలో, ఆమెకి తండ్రి ఆదాము తవ్వించిన నుయ్యి ఉండేది. దాని గట్టు పక్కనే, తన పొలంలో, జగన్నాధం లోతు బోరు దింపాడు. వరస కలిపి బావా అని పిలిచే మనిషి కదా, అడ్డం ఎందుకని ఊరుకుంది. ఆ వేసవికి నూతిలో అడుగు రాయి తేలింది. వేరుశనగ ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే వేళకి ఆమె చేను మాడిపోయింది. అతను మాత్రం అదే గరువు మీద రెండో పంటకి వరి ఊడ్చాడు. అడగబోతే గట్టు మీంచి లేవనైనా లేదు.

"నీళ్ళ మీద నీ పేరేటైనా రాసున్నాదేటి దేవమణీ?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ధర లేనప్పుడు సరుకు అమ్మకూడదు, ఎండబెట్టి దాచుకోవాలి. ఆ నవ్వునీ ఆమె అలాగే దాచింది.

ధర వచ్చింది. అతన్ని చూసి అందరూ బోర్లు దింపారు. ఒకదాని నీళ్ళు ఒకటి లాక్కుని అన్నీ నీరసించాయి. చివరికి రైతులు ఒక మాట మీదికి వచ్చారు. కొత్త బోరు వద్దు, వేసవి వరి వద్దు, ఉన్న బోర్లన్నీ ఒకే పైపుకి కలిపి వంతుల ప్రకారం ఆరుతడి పంటలకి పారించుకోవాలి. ఆ పైపు జగన్నాధం చేలోకి వెళ్ళాలంటే దేవమణి పొలం దాటాలి. అప్పటికే అతని బోరు గాలి కక్కుతోంది. మొక్కజొన్న పీచు వేసి నిలబడి ఉంది. తడి అందకపోతే కంకి గింజ కట్టదు.

జగన్నాధం ఆమె కాయల కొట్టుకి వచ్చి బతిమాలాడు. ఆమె కూర్చోమనలేదు.

"పైపు ఏసుకో బావా. నా నూతిలోంచి లాగేసిన నీళ్ళు నువ్వే నింపు. నీ గరువు మీద పడ్డ వానంతా ఇటు తిరిగేలా కాలవ తవ్వు. పార నువ్వే పట్టాల, కూలోళ్ళని పెడితే ఒప్పుకోను. వంతుల్లో నాది మొదలు, నీది ఆకరు."

తవ్వాడు. ఆ రోజు నవ్వినవాళ్ళే వచ్చి చూశారు. ఆమె గొడుగేసుకుని గట్టు మీద కూర్చుని, వాలు సరిగా లేదని రెండుసార్లు పూడ్పించి మళ్ళీ తవ్వించింది. ఆఖరి వంతు అందేసరికి అతని కంకులు సగం బోడివే. అప్పుడు గాని ఆమెకి అన్నం సయించలేదు.

వానలు పడ్డాయి. కాలువ పారింది, నుయ్యి నిండింది. ఆ తరవాతి పంటకి జగన్నాధం బోరు మళ్ళీ పైపు నిండా పోసింది. నూతిలో పడ్డ నీళ్ళు నేల లోపల్నుంచి అతని బోరుకే చేరాయి. ఇన్ని లెక్కలు వేసిన దేవమణి ఆ ఒక్కటీ వెయ్యలేదు.

"సూసావా, నీ నుయ్యి నా బోరుకే పెడతన్నాది" అని పళ్ళికిలించాడు.

ఒక్క క్షణం ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అంతలో కళ్ళు పైపు మీద పడ్డాయి. బోరు అతనిదే, పోసే నీళ్ళు మాత్రం వంతుల ప్రకారం అందరివీ. మొదటి వంతు తనది.

"ఉండు బావా, ముందు నా సేను తడవనీ" అంటూ వాల్వు తన వైపు తిప్పింది. "నీళ్ళ మీద నీ పేరేటైనా రాసున్నాదేటి?"